వకీలు అశ్రద్ధ చేస్తే కక్షిదారుకు దారి ఏది?

ఇల్లు వి.కోట వైపు, పొలం ములబాగిలు లేక బంగారుపేట వైపు ఉన్న కుటుంబాలు సరిహద్దు గ్రామాలలో అనేకం. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిమ్మట కె.జి.ఎఫ్. నుండి ప్రతిదినం రైలులో బెంగళూరు వెళ్ళి పనిచేసి వచ్చేవారూ వేలల్లో ఉన్నారు. ఇట్టివారు ప్రతి వాయిదాకు హాజరు కాలేక, భారమంతా వకీలుపై వేస్తారు. ఆ వకీలు అశ్రద్ధ చేస్తే తరతరాల పొలం చేజారే ప్రమాదం ఉన్నది. అప్పుడు చేయవలసిన పనులు రెండు. వాటిని ఒకటిగా భావించరాదు.

మొదటిది, కేసును కాపాడుకొనుట. వాది పక్షాన ఎవరూ హాజరు కానందున దావా కొట్టివేయబడితే, 30 రోజులలోగా అదే కోర్టులో పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. ప్రతివాదిపై ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తే దాని రద్దుకూ గడువు 30 రోజులే. సమన్లు సక్రమంగా అందనివారికి ఈ గడువు డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి లెక్కకు వస్తుంది. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. వకీలు తప్పునకు అమాయకుడైన కక్షిదారు నష్టపోరాదని 1981లో సుప్రీంకోర్టు పలికినది. అయినను కక్షిదారు ఏళ్ళ తరబడి కేసు ఊసే ఎత్తకపోతే ఆ మాట అక్కరకు రాకపోవచ్చును.

వేరొక వకీలును నియమించుకోవడానికి పాత వకీలు సమ్మతి ఇవ్వకపోతే కోర్టు అనుమతి కోరవచ్చును. ఫీజు బాకీ ఉన్నదన్న నెపంతో వకీలు కేసు కాగితాలను అట్టిపెట్టుకోరాదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

రెండవది, వకీలుపై క్రమశిక్షణ చర్య కోరుట. 1961 నాటి న్యాయవాదుల చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం ఈ అధికారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. కేసు ఏ ఊరి కోర్టులో ఉన్నదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. వకీలు పేరు ఏ రాష్ట్ర జాబితాలో నమోదై ఉన్నదో ఆ కౌన్సిల్‌కే ఫిర్యాదు పంపాలి. కర్ణాటకలో నమోదైనవారి సంఖ్య సాధారణంగా కె.ఎ.ఆర్. అక్షరాలతో మొదలవుతుంది, వకాల్తానామాపై చూడవచ్చును. వారిపై ఫిర్యాదు బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు కన్నడంలో గాని ఇంగ్లీషులో గాని వ్రాయవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారిపై తెలుగులోనే వ్రాయవచ్చును. సంతకం, ధృవీకరణ, నిర్ణీత రుసుము అవసరం.

విచారణలో తప్పు రుజువైతే మందలింపు, కొంతకాలం వృత్తి నిషేధం, జాబితా నుండి పేరు తొలగింపు అనే శిక్షలు ఉన్నాయి. ఏడాదిలోగా విచారణ ముగియకపోతే ఫిర్యాదు భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. తీర్పు నచ్చనివారు 60 రోజులలోగా ఆ కౌన్సిల్‌కే అప్పీలు చేసుకోవచ్చును. నడుమ రాజీ కుదిరినంత మాత్రాన విచారణ ఆగదు.

అయితే కేసు ఓడిపోవడమే వకీలు నేరం కాదు. చిన్న పొరపాటు, సదుద్దేశంతో ఇచ్చిన తప్పు సలహా సాధారణంగా దుష్ప్రవర్తన కిందకు రావు. డబ్బు తీసుకొని వాయిదాలకు పోకపోవడం, కేసు కొట్టివేయబడినా నడుస్తున్నదని నమ్మించడం వంటివి వేరు.

బార్ కౌన్సిల్ పోయిన కేసును తిరిగి తీసుకురాదు. 2024 మే 14 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వకీళ్ళపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి మూసుకుపోయినది. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టులో దావా వేయాలి.

కనుక ముందుజాగ్రత్తే మేలు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు, వకాల్తానామా నకలు దగ్గర ఉంచుకోవాలి. కేసుకు ఉండే 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్యను అడిగి వ్రాసుకుంటే, ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీని ఇంటిలోని చదువుకున్న పిల్లలైనా చూసి చెప్పగలరు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా తాలూకా న్యాయసేవల సమితి ఉచితంగా వకీలును ఇస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.