మీకు తెలుసా? కస్టర్ కౌంటీ మట్టి ఇళ్ల ముచ్చట్లు

● అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 1877లో ఏర్పడిన కస్టర్ కౌంటీలో కలప దొరకడం గగనం. కనుచూపు మేరా గడ్డే. అందుకే వలస వచ్చినవాళ్లు ఆ నేలనే నాగలితో పట్టీలుగా కోసి, పెళ్లలను ఇటుకల్లా వాడుకున్నారు. గడ్డి వేళ్లు గట్టిగా అల్లుకుని ఉండటంతో పెళ్ల చెదిరేది కాదు. గడ్డి వైపు కిందికి వచ్చేలా బోర్లించి, రెండు మూడడుగుల మందాన గోడలు లేపేవారు. ఈ ఇళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేవి. వాన పడితేనే అసలు తంటా: బయట వెలిసినా ఇంట్లో కారుతూనే ఉండేది. పైనుంచి మట్టి, ఒక్కోసారి పాములు కూడా మీద పడకుండా కప్పు కింద మస్లిన్ గుడ్డ కట్టుకునేవారు.

● మట్టిల్లంటే గుడిసే అనుకోకండి. బ్రోకెన్ బో ఊరికి ఉత్తరాన ఇసడోర్ హోమాంట్ అనే బెల్జియన్ 1880లలో ఏకంగా రెండంతస్తుల మట్టిల్లు కట్టించాడు!

● 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. 21 ఏళ్లు నిండిన పెళ్లికాని ఆడవాళ్లూ అర్హులే. ఈ కౌంటీలోని క్రిస్మన్ అక్కచెల్లెళ్లు నలుగురూ మట్టింటి ముందు నిలబడి 1886లో దిగిన ఫొటో అందుకే అంత ప్రసిద్ధి.

● మరి ఆ భూమి అంతకుముందు ఎవరిది? పానీ, లకోటా జాతులు అక్కడ వేటాడేవి. పానీలు 1870లలోనే ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలిపోవాల్సి వచ్చింది. కౌంటీకేమో 1876లో ఆదివాసీలతో యుద్ధంలో చనిపోయిన సైనికాధికారి కస్టర్ పేరు పెట్టారు. ముఖ్య పట్టణం పేరు బ్రోకెన్ బో మాత్రం, పాత ఆదివాసీ విడిది దగ్గర దొరికిన విరిగిన విల్లు వల్ల వచ్చిందట. తాము వెళ్లగొట్టినవాళ్ల ఆనవాలునే ఊరి పేరుగా పెట్టుకోవడం విడ్డూరమే.

● ఈ ఇళ్ల రూపురేఖలు మనకు తెలిశాయంటే అది ఫొటోగ్రాఫర్ సాలమన్ బుచర్ చలవ. వ్యవసాయం అచ్చిరాని ఈ మనిషి 1886 నుంచి కెమెరా బండిలో వేసుకుని ఫొటోలు తీస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. హిల్టన్ కుటుంబం ఇల్లాలైతే మట్టింటిని తూర్పు అమెరికాలో ఉన్న తన బంధుమిత్రులకు చూపించనని పట్టుబట్టి, తన ఆర్గాన్ వాద్యాన్ని ఆరుబయటికి మోయించి, దాని పక్కన ఫొటో తీయించుకుంది. పరువు ఎక్కడైనా పరువే! 1899లో బుచర్ ఇల్లు కాలిపోయి రాతప్రతులన్నీ బుగ్గయ్యాయి. గాజు నెగటివ్‌లు మాత్రం ధాన్యపు కొట్టులో ఉండబట్టి దక్కాయి. 1901లో కౌంటీ చరిత్ర పుస్తకం వేశాడు.

● ఇదే కౌంటీలోని కామ్‌స్టాక్ ఊరి దగ్గర విలియం డౌస్ 1900లో కట్టుకున్న మట్టిల్లు నేటికీ ఉంది. 1959 దాకా అందులో మనుషులు కాపురమున్నారు. తర్వాత స్థానికులు దాన్ని బాగుచేసి, సందర్శకుల కోసం తలుపులు తెరిచారు.