రక్తంలో ప్రోటీన్లని ఎలా విడదీస్తారు? 2.79 దగ్గర ఆగిపోయిన క్యాన్సర్ టెస్ట్

"ఒక్క రక్తపు చుక్కతో ఏ క్యాన్సరైనా పట్టేస్తారట" అనే ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా ఒకసారైనా వచ్చే ఉంటుంది. ఇలాంటి వార్తే 2002లో ప్రపంచమంతా తిరిగింది. అప్పుడు వాట్సాప్ లేదు కాబట్టి పేపర్లు, టీవీలు తిప్పాయి. ఆ తర్వాత ఏమైందో మాత్రం చాలామందికి తెలీదు. అది అర్థం కావాలంటే, ల్యాబ్‌లో ప్రోటీన్ల మిశ్రమాన్ని ఎలా విడదీస్తారో ముందు చూడాలి. కొంచెం ఓపిక పట్టండి, కథలోకి వచ్చేస్తాం.

మన దగ్గర ప్రోటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20 వేలు. ఒక్కో జీన్ నుంచి ఒకే ప్రోటీన్ రావాలని రూలేం లేదు. వచ్చాక కూడా దానికి చక్కెరలు, ఫాస్ఫేట్లు తగులుకుంటాయి. అంటే రకాలు ఇంకా పెరిగిపోతాయి. అసలు తలనొప్పి మాత్రం రకాల సంఖ్య కాదు, మోతాదులో తేడా. రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే పసుపు రంగు ద్రవాన్ని ప్లాస్మా అంటారు. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక్కటే దాదాపు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకో ప్రోటీన్ ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కొన్ని పికోగ్రాములే. తేడా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు. ఒకడి అకౌంట్లో రూపాయి, పక్కోడి అకౌంట్లో వెయ్యి కోట్లు ఉన్నాయనుకోండి. ఇద్దరినీ ఒకే గ్రాఫ్‌లో చూపించాలంటే రూపాయి వాడు ఎక్కడ కనిపిస్తాడు? జబ్బు గురించి చెప్పే ప్రోటీన్లు చాలావరకు ఆ రూపాయి బ్యాచే.

కాబట్టి మొదటి పని విడదీయడం. 1975లో ప్యాట్రిక్ ఓఫారెల్ అనే ఆయన దీన్ని రెండు దిక్కుల్లో చేశాడు. మిశ్రమాన్ని ఒక జెల్‌లో పెట్టి కరెంట్ ఇస్తే, ఒక్కో ప్రోటీన్ తన చార్జ్ సున్నా అయ్యే పీహెచ్ దగ్గరికి వెళ్ళి ఆగిపోతుంది. తర్వాత అడ్డదిశలో మళ్ళీ కరెంట్. ఈసారి జెల్ జల్లెడలా పనిచేస్తుంది, చిన్నవి ముందుకు జారిపోతాయి, పెద్దవి వెనకపడతాయి. చివరికి చుక్కల ముగ్గులాంటి బొమ్మ వస్తుంది. ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి ఆయన ఇలా 1100 చుక్కలు విడదీశాడు. ఆ రోజులకి అది మామూలు విషయం కాదు. కానీ చుక్క కనిపిస్తే సరిపోదు కదా, దాని పేరేంటి?

పేరు కావాలంటే తూచాలి. మాస్ స్పెక్ట్రోమీటర్ చేసేది అదే, కాకపోతే వస్తువు ఆవిరిలా గాల్లో ఉండాలి, దానికి చార్జ్ ఉండాలి. ప్రోటీన్‌ని వేడిచేస్తే ఎగరదు, కోడిగుడ్డులా ఉడుకుతుంది. దీనికి దారి చూపించినందుకు 2002 కెమిస్ట్రీ నోబెల్‌లో జాన్ ఫెన్, కోయిచి తనకా వాటా పొందారు. ఫెన్ ద్రావణాన్ని కరెంట్ ఇచ్చిన సన్నటి సూదిలోంచి తుంపరగా కొట్టించాడు. తనకా లేజర్ వాడాడు. ఈ తనకా గురించి మన బీటెక్ బ్యాచ్‌కి ఒక మాట చెప్పాలి. ఆయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, పీహెచ్‌డీ లేదు, షిమాద్జు కంపెనీలో ఉద్యోగి. పొరపాటున కోబాల్ట్ పొడిలో గ్లిజరిన్ కలిపేశాడు, పారేయకుండా దాన్నే మెషిన్లో పెట్టి చూశాడు, సిగ్నల్ వచ్చింది.

ఇప్పుడు ఎక్కువ ల్యాబుల్లో ప్రోటీన్‌ని మొత్తంగా తూచరు. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తారు. అది ఎక్కడపడితే అక్కడ కోయదు. లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది. ఆ ముక్కల్ని సన్నటి గొట్టంలోంచి పంపితే నీళ్ళతో కలిసిపోయేవి ముందు, జిడ్డు స్వభావం ఉన్నవి వెనక బయటికొస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే తూచి, మళ్ళీ విరగ్గొట్టి, ఆ తునకల్నీ తూస్తారు.

ఇక్కడి నుంచి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఏరియా. మెషిన్ ప్రోటీన్ పేరు చెప్పదు. బరువుల లిస్ట్ ఇస్తుంది, అంతే. 1994లో జాన్ యేట్స్, జిమ్మీ ఎంగ్ వాళ్ళ టీమ్ ఆ లిస్ట్‌ని డేటాబేస్‌లోని ప్రోటీన్లతో పోల్చే సీక్వెస్ట్ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. చిక్కేంటంటే, మనం ఏ చెత్త ఇచ్చినా డేటాబేస్ సెర్చ్ "దగ్గరగా ఉన్నది ఇదీ" అని ఏదో ఒకటి చూపిస్తుంది, ఫోన్‌లో ఆటోకరెక్ట్‌లాగా. అందుకే ఒక ట్రిక్ వాడతారు, నాకు భలే నచ్చింది. ప్రతి ప్రోటీన్ సీక్వెన్స్‌ని వెనక నుంచి ముందుకు తిప్పి రాసిన దొంగ ప్రోటీన్లని కూడా డేటాబేస్‌లో కలుపుతారు. అవి లోకంలో లేవు. సెర్చ్‌లో ఎన్ని దొంగవి వచ్చాయో చూస్తే, నిజమైన పేర్లలో ఎన్ని తప్పో అంచనా దొరుకుతుంది. సాధారణంగా ఒక శాతం తప్పు దగ్గర గీత గీస్తారు.

ఇప్పుడు 2002. అండాశయ క్యాన్సర్ చాలామందిలో ముదిరాక గానీ బయటపడదు, అందుకే తొందరగా పట్టే టెస్ట్ కోసం అంత ఆశ. అమెరికాలో పెట్రికోయిన్, లియోటా బృందం లాన్సెట్ పత్రికలో ఒక పేపర్ వేసింది. ప్రోటీన్లకి పేర్లు పెట్టే పనే వద్దు, రక్తం ఇచ్చే గ్రాఫ్ ఆకారం చూసి కంప్యూటర్ చెప్పేస్తుంది అన్నారు. క్యాన్సర్ ఉన్న 50 మందికి 50 మందినీ పట్టింది. లేని 66 మందిలో 63 మందికి లేదనే చెప్పింది.

సూపర్ కదా? ఒక చిన్న లెక్క వేద్దాం. లక్ష మంది ఆడవాళ్ళలో 40 మందికి ఈ క్యాన్సర్ ఉందనుకోండి. లేనివాళ్ళలో నూటికి ఐదుగురికి తప్పుగా "ఉంది" అని వచ్చినా, అది దాదాపు 5000 మంది. 40 మందిని పట్టుకోడానికి 5000 మందిని భయపెట్టాలి. ఈ క్యాన్సర్‌లో ఖాయం చేసుకోవాలంటే చాలాసార్లు ఆపరేషనే దారి. అంటే ఏమీ లేని అమ్మో, అక్కో ఆపరేషన్ టేబుల్ మీద ఉంటుంది.

లెక్కకంటే పెద్ద సమస్య డేటాలోనే ఉంది. ఆ బృందం తమ డేటాని నెట్‌లో పెట్టింది, మెచ్చుకోవాల్సిన పని. 2003లో సొరేస్, జాన్ అనే ఇద్దరు దాన్ని మళ్ళీ తవ్వితే, ఒక డేటాసెట్‌లో 2.79 దగ్గరున్న సిగ్నల్‌తోనే క్యాన్సర్ వాళ్ళు, మామూలు వాళ్ళు బాగా విడిపోతున్నారు. 2.79 అంటే ఏంటి? అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం గ్లైసిన్ బరువే 75. ప్రోటీన్ సంగతి వదిలేయండి, దాని ఇటుక కూడా అక్కడ ఉండే చాన్స్ లేదు. అది మెషిన్ నాయిస్. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్‌లో పనిచేసే కీత్ బ్యాగర్లీ బృందం కూడా ఈ డేటాసెట్లని జల్లెడ పట్టింది. ఒక సెట్‌లో దొరికిన తేడాలు ఇంకో సెట్‌లో నిలబడలేదు. కొన్ని తేడాలు శాంపిల్స్‌ని నడిపిన తీరు నుంచి వచ్చినట్టు కనిపించాయి. మామూలు వాళ్ళ రక్తం ఒకరోజు, పేషెంట్ల రక్తం ఇంకోరోజు మెషిన్‌లో పెడితే, ఆల్గోరిథం క్యాన్సర్‌ని కాదు, క్యాలెండర్‌ని నేర్చుకుంటుంది. ఓవాచెక్ పేరుతో టెస్ట్ అమ్మకానికి సిద్ధమవుతుంటే 2004లో ఎఫ్‌డీఏ అడ్డుపడింది, ముందు మా దగ్గర అనుమతి తీసుకోండి అంది.

ఇప్పుడు మంచి ల్యాబుల్లో శాంపిల్స్‌ని పేకముక్కల్లా కలిపేసి నడుపుతారు. మధ్యమధ్యలో ఒకే రకం శాంపిల్‌ని మళ్ళీ మళ్ళీ పెట్టి మెషిన్ పక్కకి జరుగుతోందా అని చూస్తారు. ఆ తర్వాత వేరే ఊళ్ళో, వేరే మెషిన్ మీద, వేరే మనుషుల రక్తంతో అదే రిజల్ట్ రావాలి. ఇదంతా అయ్యేసరికి ఏళ్ళు పడుతుంది, ఫార్వర్డ్ రావడానికి మాత్రం ఒక్క సాయంత్రం చాలు.

యాంటీబాడీలతో ఒక్కో ప్రోటీన్‌ని పట్టే ఎలైజా లాంటి పద్ధతుల గురించి నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బై.