బొగ్గుగనినుండి శాసనసభకు

భూపాలపల్లి బొగ్గు చెల్పూరు విద్యుత్కేంద్రమున వెలుగై దేశమునకు ఉపకరించుచున్నది. ఆ బొగ్గు త్రవ్వు సింగరేణి సంస్థలో సుమారు 20 సంవత్సరములు కొలువుచేసి రాజకీయములలో ప్రవేశించిన శ్రీ కొప్పుల ఈశ్వరుగారి చరిత్రము మన పాఠకులు గమనింపదగినది.

1959లో జన్మించిన వీరు 2004లో షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన మేడారము స్థానమున గెలిచిరి. ఇది సమ్మక్క జాతర జరుగు మేడారము గాదు, అప్పటి కరీంనగరు జిల్లాలోనిది. ప్రత్యేక రాష్ట్రమునకై 2008లోను, 2010లోను పదవిని త్యజించి, ఉపయెన్నికలలో మరల గెలిచిరి. 2018లో ధర్మపురియందు 441 ఓట్ల ఆధిక్యముతో మాత్రమే బయటపడి, 2019లో మంత్రులైరి. 2023లో అచటనే శ్రీ అడ్లూరి లక్ష్మణకుమారుగారి చేతిలో ఓడిరి. 2024లో పెద్దపల్లి లోకసభ స్థానమునను జయము కలుగలేదు.

పదవులు వచ్చును, పోవును. మేము విన్నవించునది వేరొకటి. సింగరేణిలో నూటికి 51 వంతులు రాష్ట్రప్రభుత్వమువి, 49 వంతులు కేంద్రమువి. కావున శాసనసభ్యుడగు ప్రతివాడును ఒకవిధముగా ఆ గనులకు ధర్మకర్తయే. నిన్నటి కొలువుకాడు నేడు ధర్మకర్తలలో నొకడగుట ప్రజాస్వామ్యమునకు శోభయే. అయినను, గనిలో దిగువాని ప్రాణభయమును, ఓపెన్‌కాస్టు గనికి పొలమిచ్చిన రైతు దిగులును సభలో వినిపించినప్పుడే ఆ శోభ సార్థకమగును. గనులనుండి వచ్చినవాడా యని మాత్రమే గాక, గనులను మరువనివాడా యని కూడ ఓటరులు విచారింపవలెనని మా మనవి.