బెల్లం దిమ్మలో ఏముంది?

పంచదారకూ బెల్లానికీ ముడిసరుకు ఒకటే, చెరుకు రసం. ఫ్యాక్టరీలో ఆ రసాన్ని స్ఫటికం కట్టించి, గిర్రున తిరిగే యంత్రాల్లో వేసి మడ్డిని విడదీస్తారు. బెల్లానికి ఆ విడదీత లేదు. తెట్టు తీసి, నీరు ఇగిరించాక మిగిలిందంతా దిమ్మలోకే వస్తుంది. అందుకే పొలంలో జరిగిన పొరపాటు కూడా పెనంలో బయటపడుతుంది. ఉప్పునేలలో పండిన చెరుకైతే బెల్లం ఉప్పగా ఉంటుంది. యూరియా ఆలస్యంగా, అతిగా వేస్తే దిమ్మ సరిగా గట్టిపడదు.

అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో చలికాలం వచ్చిందంటే గానుగలు తిరుగుతాయి. నరికిన చెరుకును వెంటనే ఆడాలి. నిలవ ఉన్నకొద్దీ అందులోని సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులవుతుంది. అవీ తీపే, కానీ గాలిలోని తేమను లాగేస్తాయి. వానాకాలంలో డబ్బాలోని బెల్లం చెమ్మగిల్లడానికి చాలావరకు కారణం ఇవే.

రసంలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. దాన్ని వడకట్టి పెద్ద పెనంలో పోసి, కింద ఎండిన పిప్పినే మంటకు వేస్తారు. వేడెక్కుతున్న రసంలో సున్నపు తేట కలుపుతారు. రసానికి సహజంగా ఉండే పులుపును అది తగ్గిస్తుంది. ఆ పులుపును అలాగే వదిలేస్తే మరుగుతున్నప్పుడు కూడా సుక్రోజు విరుగుతూనే ఉంటుంది. మలినాలు తెట్టుగా పైకి తేలగానే తీసేస్తారు. కొన్నిచోట్ల బెండ మొక్కల జిగురు కూడా ఇందుకు వాడతారు. సున్నం మోతాదు మించితే మాత్రం బెల్లం నల్లబడుతుంది.

అసలు పనితనమంతా పాకం దించడంలో ఉంది. వేడి సుమారు 118 డిగ్రీలకు చేరాలి. చేయి తిరిగినవాళ్లు థర్మామీటరు జోలికి పోరు. పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూస్తారు. తొందరపడి దించితే ముద్ద జారుతుంది, ఆలస్యమైతే మాడువాసన వస్తుంది. దించాక తెడ్లతో కలుపుతూ చల్లార్చి, దిమ్మలు కడతారు. టన్ను చెరుకుకు దాదాపు 100 కిలోల బెల్లం వస్తుంది.

ఇక రంగు సంగతి. పసుపు తేలిన దిమ్మకే మంచి ధర పలుకుతుంది కనుక కొందరు పాకంలో హైడ్రోస్ వేస్తారు. ఇది సోడియం హైడ్రోసల్ఫైట్, రంగును విరిచే రసాయనం. కొన్నాళ్లు నిలవుంటే ఆ దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. నల్లబెల్లమనగానే సారా బట్టీలు గుర్తొస్తాయి మనకు, అందుకే ముదురు రంగంటే ఆ అనుమానం. నిజానికి చెరుకు రకాన్ని బట్టీ, నేలను బట్టీ కూడా రంగు మారుతుంది. నేనైతే ముదురు గోధుమరంగు దిమ్మనే ఎంచుకుంటాను. ఏ రంగుదైనా అందులో అత్యధిక భాగం చక్కెరే. ఇనుము ఉందన్న పేరుతో మధుమేహం ఉన్నవాళ్లకు మినహాయింపేమీ దొరకదు.