గాజులు తీసి... సాల్డరింగ్ పట్టి!

మా డైనింగ్ టేబుల్ మీద రెండు నెలలపాటు భోజనాలు లేవు. కంచాలు పట్టుకుని అందరం హాల్లో కింద కూర్చునే తిన్నాం. టేబుల్ నిండా వైర్లు, రెసిస్టర్లు, సాల్డరింగ్ ఐరన్, మధ్యలో బోర్లించిన అల్యూమినియం ఛాసిస్. "రేడియో షాపు పెడుతున్నావా ఏమిటి?" అని మావారు నవ్వారు. షాపు పెట్టలేదు గానీ, షాపు నడిపిన మనిషి కూతుర్నని మాత్రం యాభై దాటాక గుర్తొచ్చింది నాకు.

మా నాన్నకి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. బడి నుంచి వస్తూ ఆ మెట్ల మీద కూర్చునేదాన్ని. రేడియో వెనక అట్ట తీస్తే లోపల చిన్న దీపాల్లా వెలిగే గాజు వాల్వులంటే నాకు భలే ఇష్టం. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాన్న సాల్డరింగ్ నేర్పేవారు. నేనూ చేస్తానంటే, "వద్దమ్మా, షాక్ కొడుతుంది" అనేవారు. షాక్‌కి ఆడా మగా తేడా లేదు కదా అని అడగడం అప్పుడు నాకు తెలియలేదు. చివరికి తమ్ముడు బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. వాల్వు రేడియోలు పోయాయి. షాపూ మూతపడింది.

అమ్మ పోయాక నాన్న హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చేశారు. బట్టల సంచీతో పాటు ఒక రేకు పెట్టె తెచ్చుకున్నారు. దాన్నిండా పాత వాల్వులే. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు చేసినవి కూడా ఉన్నాయి. మా అమ్మాయి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. ఓ రోజు ఆ పెట్టె తెరిచి చూసి కేక పెట్టింది. "తాతయ్యా! ఈ ఈఎల్ 84లు గిటారు యాంప్లిఫయర్లలో వాడతారు తెలుసా?" అంది. 1960లలో బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ 30 యాంప్లిఫయర్‌లో ఉన్నవి ఈ రకం వాల్వులు నాలుగట!

నాన్న కళ్ళల్లో వెలుగు చూశాను. ఆ వెంటనే తన చేతులకేసి చూసుకున్నారు. అవి వణుకుతున్నాయి. "నాకు కళ్ళు ఆనడం లేదమ్మా. చేస్తే నువ్వే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని చెబుతాను" అన్నారు.

నలభై ఏళ్ళ తర్వాత!

గాజులతో గొడవ

నాన్న మొదటి పాఠం సాల్డరింగ్ కాదు. "గాజులు తియ్యి. మెళ్ళో గొలుసు లోపలికి దోపుకుని పిన్ను పెట్టుకో" అన్నారు. వాల్వు యాంప్లిఫయర్ లోపల మూడు వందల వోల్టుల దాకా ఉంటుంది. వంగి పని చేసేటప్పుడు వేలాడే బంగారు గొలుసు దానికి తగిలిందా, అంతే సంగతులు.

మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "పచ్చని సంసారం చేసుకుంటూ గాజులు తియ్యడమేమిటమ్మా?" అన్నారు. "కుంపటి ముందు కూర్చుంటే పమిట దోపుకోమని మీరే కదా అత్తయ్యా నేర్పారు. ఇదీ అలాంటిదే" అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, లోపలికెళ్ళి పసుపు రాసిన దారం తెచ్చి నా చేతికి కట్టారు. పని చేసినన్నాళ్ళూ అదే నా గాజు.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. నాన్న కుడిచేతి చూపుడువేలి మీద తెల్లటి మచ్చ ఉంది. "ఇది ప్లగ్గు పీకేశాక కొట్టిన దెబ్బ" అన్నారు. కరెంటు తీసేసినా కండెన్సర్లలో ఆ వోల్టేజి నిలవుండిపోతుంది. అందుకే పెద్ద కండెన్సర్లకి అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టరు శాశ్వతంగా వేయించారు. మా దాంట్లో ఉన్న రెండు 22 మైక్రోఫారడ్ కండెన్సర్లూ దాని ద్వారా ఒక్క నిమిషంలో ఖాళీ అవుతాయి. అయినా ప్రతిసారీ మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఎడమచెయ్యి వెనక్కి కట్టుకోవాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది మరి.

కాలవ, తూము

అసలీ వాల్వు చేసే పనేమిటి? కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పడం తేలిక. కాలవ నిండా నీళ్ళున్నాయి. తూము తలుపు కొంచెం ఎత్తితే బోలెడు నీళ్ళు పొలానికి పారతాయి. వాల్వులో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో ఉన్న గ్రిడ్డే తూము. గిటారు నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ఆ తూముని ఆడిస్తే, పెద్ద కరెంటు అదే లయలో ఆడుతుంది. 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఈ గ్రిడ్డుని చేర్చబట్టే గొంతుల్ని పెంచి వినిపించడం సాధ్యమైంది.

ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన 'ఛాంప్' అనే చిన్న యాంప్లిఫయర్లో మూడే వాల్వులు. మేమూ ఆ పద్ధతే పెట్టుకున్నాం. సిగ్నల్‌ని మొదట పెంచడానికి ఈసీసీ 83, స్పీకరుని నడపడానికి ఈఎల్ 84, ఏసీని డీసీగా మార్చడానికి ఈజెడ్ 81. మొత్తం ఐదు వాట్లు. ఇంట్లో వాయించుకోవడానికి అదే ఎక్కువ! ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించుకున్నాం. మిగతా సామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. "వాల్వులు పాతవైనా ఫరవాలేదు. కండెన్సర్లు మాత్రం అన్నీ కొత్తవే కొను" అని నాన్న గట్టిగా చెప్పారు.

మొదట కూత, తర్వాత రొద

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ప్లగ్గు పెట్టలేదు. పాతకాలపు వంద వాట్ల ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో పెట్టాం. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సామాను కాలిపోదు. మా బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారింది. హమ్మయ్య అనుకున్నాం. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక వాల్వులు వేడెక్కాయో లేదో, ఇల్లు అదిరిపోయేలా కూత! అత్తయ్యగారు కుక్కరనుకుని వంటింట్లోకి పరుగెత్తారు.

నాన్న కంగారుపడలేదు. స్పీకరు దగ్గర్నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి పంపే తీగ ఒకటుంటుంది. అది అదుపు చెయ్యడానికి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు తారుమారైతే అదుపు చెయ్యాల్సింది ఎగదోస్తుంది. ప్లేటు వైపు రెండు తీగలూ అటూ ఇటూ మార్చాను. కూత పోయింది.

కూత పోయాక రొద వినిపించింది. ఝుమ్మని ఒకటే హమ్ము. "ఏ స్థాయిలో ఉంది?" అని నాన్న అడిగారు. మన కరెంటు 50 సైకిళ్ళది. ఫిలమెంటు తీగల నుంచి అంటుకునే హమ్ము అదే 50లో ఉంటుంది. డీసీ సరిగ్గా వడకట్టకపోతే వచ్చేది 100. అంటే అదే స్వరం, పై స్థాయిలో. అమ్మాయి గిటారు తీగ మీటి చూసి, "కింది స్థాయే తాతయ్యా" అంది. స్విచ్చి కట్టేసి, ఈసీసీ 83 పీకి, మళ్ళీ వేసి చూస్తే హమ్ము దాదాపు పోయింది. అంటే దొంగ ఆ వాల్వు దగ్గరే ఉన్నాడు. ఫిలమెంటు తీగలు రెండూ జడలా బిగించి మెలేశాను. రెండు వంద ఓముల రెసిస్టర్లతో వాటిని ఎర్త్‌కి కలిపాను. ఛాసిస్ మీద తలో చోటా పెట్టిన ఎర్త్ తీగల్ని ఒక్క చోటికి తెచ్చాను. స్పీకరుకి చెవి పెడితే తప్ప వినపడనంతగా తగ్గింది.

ఎర్రబడ్డ ప్లేటు

ఆ సాయంత్రం అమ్మాయి అరగంట వాయించింది. ఉన్నట్టుండి శబ్దం బొంగురుపోయింది. "అమ్మా, చూడు!" అని అరిచింది. ఈఎల్ 84 లోపల ఫిలమెంటు నారింజరంగులో వెలగడం మామూలే. కానీ దాని చుట్టూ ఉండే బూడిదరంగు ప్లేటే ఎర్రగా కాలుతోంది. గబుక్కున ప్లగ్గు పీకేశాను.

వాల్వు పోయిందనుకున్నాను. పెట్టెలోంచి ఇంకోటి తీసి పెట్టాను. కాసేపటికి అదీ ఎర్రబడింది. "వాల్వుని ఎందుకు అనుమానిస్తావు? దానికి ఏం అందుతోందో కొలువు" అన్నారు నాన్న. కాథోడ్ దగ్గర 150 ఓముల రెసిస్టరు మీద ఏడున్నర వోల్టులుండాలి. అంటే 50 మిల్లీ ఆంపియర్లు. మీటరు 13 చూపించింది. దాదాపు 87! ప్లేటు మోయగలిగింది 12 వాట్లే. మేం దానిమీద వేసిన బరువు అంతకన్నా చాలా ఎక్కువ. గ్రిడ్డు దగ్గర సున్నా ఉండాల్సింది, ప్లస్ వోల్టేజి ఉంది.

నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే తప్పు ఎక్కడుందో నాకప్పుడే అర్థమైంది. ఆ గ్రిడ్డుకి ముందు ఒక కండెన్సరు ఉంటుంది. ముందు వాల్వు ప్లేటు మీది డీసీని ఆపి, పాటని మాత్రమే వదలడం దాని పని. అన్నీ కొత్తవి కొనమన్నారు నాన్న. నేను అక్కడ మాత్రం ఆయన పెట్టెలోని పాత కండెన్సరు ఒకటి రహస్యంగా వేశాను. నాన్న చేత్తో దాచుకున్నది ఒక్కటైనా లోపల ఉండాలని. అది కారుతోంది.

ఒప్పుకున్నాను. ఏమంటారోనని తల వంచుకున్నాను. నాన్న దాన్ని తీయించి వేళ్ళతో తడిమి చూశారు. "యాభై ఏళ్ళ కాయితం కండెన్సరిది. అభిమానంతో కరెంటు ఆగదమ్మా" అన్నారు. కాసేపాగి మళ్ళీ, "షాక్ కొడుతుందని అప్పట్లో నీకు చెప్పానే గానీ, కొట్టకుండా ఎలా చెయ్యాలో చెప్పలేదు. అది నా తప్పు" అన్నారు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. 630 వోల్టుల కొత్త కండెన్సరు వేసి, మూడో వాల్వు పెట్టి కొలిచాను. గ్రిడ్డు మీద సున్నా. కాథోడ్ మీద ఏడు పాయింట్ ఆరు.

మీలో ఎవరికైనా చెయ్యాలనిపిస్తే...

అక్కచెల్లెళ్ళకి నాదొక్క మాట. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఇది మొదలుపెట్టకండి. గిటారు తీగలు వైరు ద్వారా నేరుగా ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. వాయించేది మన పిల్లల చేతులు. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్, ఫ్యూజు తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఏది చెడినా ముందు కొలవండి, తర్వాతే అనుమానించండి.

పెట్టె మూత బిగించే ముందు అమ్మాయి ఫోనులో ఒక ఫొటో చూపించింది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1950లలో తయారైన ఫెండర్ యాంప్లిఫయర్ లోపలి భాగం. కాయితం టేపు ముక్క మీద 'లిలీ' అని రాసి ఉంది. ఆ ఫ్యాక్టరీలో వైరింగ్ చేసినవాళ్ళు ఆడవాళ్ళేనట. ఎవరు చేసింది వాళ్ళు అలా పేరు రాసి అంటించేవారట. ఇప్పటికీ విప్పినప్పుడల్లా ఆ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి.

నేనూ టేపు ముక్క చింపి నాన్న చేతికిచ్చాను. "మీరు రాయండి నాన్నా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి కలం నాకే ఇచ్చారు. "సాల్డరింగ్ ఎవరు పట్టారో వాళ్ళ పేరే రాయాలి" అన్నారు.

రాశాను. అత్తయ్యగారు గాజులు తెచ్చి చేతికిచ్చారు. "రేపట్నుంచి టేబుల్ మీద అన్నం తినొచ్చు కదా?" అని అడిగారు మావారు. ఎలా చెప్పను? ఎదురింటివాళ్ళ పాత మర్ఫీ రేడియో అప్పటికే మా గుమ్మంలో ఉంది.