క్రొత్త గీజరు: వేన్నీరు రాకుండుటకు గల కారణములు

చలికాలము ప్రవేశించినది మొదలు మన విద్యార్థుల తలిదండ్రులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “అయ్యా, క్రొత్తగా గీజరు బిగించుకొంటిమి. దీపము వెలుగుచున్నది గాని నీళ్ళు కాగుట లేదు. లోపమెక్కడ?” అని. భౌతికశాస్త్రము బోధించువారము గనుక మమ్మడుగుట న్యాయమే. ఒక్కొక్కరికి వేర్వేరుగా చెప్పుటకంటె ఈ సంచికయందు వ్రాసినచో నందరికిని ఉపకరించునని తోచినది.

మన పూర్వులకీ చిక్కు లేదు. పెరటిలో పొయ్యి, దానిపై కాగు. కలిగినవారి యిండ్లలో నడుమ బొగ్గుల గొట్టము గల రాగి బాయిలరు. నీరు కాగకున్నచో మంటను జూచిన చాలును. గీజరునందు మంటయు గానరాదు, నీరును గానరాదు. ఈ పేరు ఐస్‌లాండు ద్వీపమునందలి యొక వేడినీటి బుగ్గ పేరునుండి వచ్చినది. 1868వ సంవత్సరమున లండను నగరమందు బెంజమిన్ వాడీ మాన్ అనునతడు గ్యాసు మంటతో నీరు కాచు యంత్రమును నిర్మించి, దానికీ పేరు పెట్టెను.

ఇప్పుడు మన గోడలకు వ్రేలాడు విద్యుత్ గీజరు లోపల నొక తొట్టియు, దాని చుట్టును వేడి బయటికి పోకుండ నొక దట్టమైన పొరయు నుండును. తొట్టిలో నీరు కాచు కడ్డీ యొకటి. నీరు నిర్ణీతమైన వేడికి రాగానే విద్యుత్తును నిలుపునది థర్మోస్టాటు. అది పనిచేయనిచో ఆదుకొనునది కటౌటు. చల్లని నీరు తొట్టి యడుగున ప్రవేశించును. వేన్నీరు తేలికయైనది గావున పైకి జేరి, పై భాగమునుండియే బయటికి వచ్చును. ఈ యొక్క సంగతి జ్ఞప్తియందున్నచో సగము చిక్కులు తామే విడిపోవును.

ఏలయన, గొట్టములు రెండును యంత్రము క్రిందనే యుండుటచే, తొందరపడు ప్లంబరు వానిని తారుమారుగా కలుపుట కలదు. నీలిరంగు గుర్తు చల్లని నీటి రాకకు, ఎఱ్ఱరంగు గుర్తు వేన్నీటి పోకకు. ఇవి మారినచో చల్లని నీరు తొట్టి పైభాగమున బడి, కాగిన నీటితో కలిసిపోవును; అడుగుననున్న చల్లని నీరే కుళాయికి వచ్చును. గంటసేపు కాచినను గోరువెచ్చని నీరు తప్ప వేరొకటి రాదు. గుర్తులు చూచుటకు నిమిషము పట్టదు గాన మొదట వానిని చూడవలయును.

తరువాతి సంగతి నీరు నింపుట. బిగించిన దినమున స్విచ్చి వేయుటకు ముందు వేన్నీటి కుళాయి విప్పి, గాలి బుసబుసలు పోయి ధార ఎడతెగక వచ్చువరకు వేచియుండవలయును. తొట్టిలో నీరు లేకుండ స్విచ్చి వేసినచో కటౌటు విద్యుత్తును తెంచివేయును. అదియును ఆలస్యమైనచో కడ్డీయే కాలిపోవును. కటౌటు తెగిన గీజరు చచ్చినదానివలె నుండును గాని, కారణము చక్కజేసి దానిని మరల నొక్కినచో తిరిగి పనిచేయును. ఆ పని ఎలక్ట్రీషియనుదే. పిల్లలు మూత విప్పరాదు.

పెక్కుచోట్ల అసలు లోపమే యుండదు, ఓపిక తక్కువ యగుట తప్ప. లెక్క కట్టి చూతము. తొట్టి 15 లీటర్లది. ఉదయము నీటి వేడి 25 డిగ్రీలు. 60 డిగ్రీలకు రావలయును. పెరుగవలసినది 35 డిగ్రీలు. లీటరు నీటి వేడిని ఒక డిగ్రీ పెంచుటకు సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావలయును. 15, 35, 4.2 ఈ మూటిని హెచ్చవేయగా 2,205 కిలోజౌళ్ళు. 2 కిలోవాట్ల కడ్డీ సెకనుకు 2 కిలోజౌళ్ళు ఇచ్చును గాన రమారమి 1,100 సెకన్లు, అనగా 18 నిమిషములు పట్టును. అయిదు నిమిషములకే కుళాయి విప్పి గీజరును నిందించుట తగదు. ఇక వోల్టేజి 230 నుండి 180కి దిగిన యెడల ఏమగును? పదవ తరగతివారు చదివిన నియమమే యిది: కడ్డీ యిచ్చు శక్తి వోల్టేజి వర్గమును బట్టి యుండును. 2,000 వాట్ల కడ్డీ అప్పుడు 1,225 వాట్లే యిచ్చును. 18 నిమిషముల పని అరగంట పట్టును. తెల్లవారుజామున వేగముగ కాగి, ఊరంతయు మేల్కొని మోటార్లు వేసిన తరువాత నెమ్మదించుచున్నచో దోషము గీజరుది కాదని యూహింపవచ్చును.

మూడు లీటర్ల ఇన్‌స్టంటు గీజరు కొన్నవారి చిక్కు వేరు. దాని కడ్డీ 3 కిలోవాట్లదైనను, తొట్టి చిన్నది గాన నీరు పారుచుండగనే కాగవలయును. కుళాయి పూర్తిగా విప్పి నిమిషమునకు 6 లీటర్ల చొప్పున వదలినచో వేడి 7 డిగ్రీలు మాత్రమే పెరుగును. 2 లీటర్లకు తగ్గించినచో 20 డిగ్రీలకు పైగా పెరుగును. ధారను సన్నము చేయుటయే దీనికి మందు.

మేము చూచినంతలో మెకానిక్కులను మిక్కిలి మోసపుచ్చునది చల్లని నీరు అడ్డదారిని వచ్చుట. మా మిత్రులొకరి యింట ఇట్లే జరిగినది. మెకానిక్కు మూడు మారులు వచ్చి, థర్మోస్టాటును మార్చి, కడ్డీని మార్చి, తుదకు గీజరునే మార్చవలయునని చెప్పిపోయెను. మేము వెళ్ళి ఒక చిన్న పరీక్ష చేసితిమి. గీజరులోనికి చల్లని నీరు పోవు గొట్టముమీది వాల్వును కట్టివేసి, వేన్నీటి కుళాయిని విప్పితిమి. లోనికి నీరు రానపుడు బయటికిని నీరు రాకూడదు గదా! అయినను ధార ఆగలేదు. ఆ నీరు మరెక్కడినుండియో వచ్చుచున్నదన్న మాట. వెదకగా రెండవ స్నానపు గదిలో మిక్సరు కుళాయి రెండు పిడులును విప్పియుంచి, చేతి షవరు మీట వదలి నీటిని ఆపియుంచిరి. ఆ మిక్సరులో చల్లని నీరు వేన్నీటి గొట్టములోనికి దాటి, గీజరునుండి వచ్చు వేడి నీటితో కలియుచుండెను. పిడులు రెండును కట్టగానే చిక్కు తీరెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మెకానిక్కును పిలుచుటకు ముందే చేయదగినది. అయితే ముందుగా స్విచ్చి ఆపివేసి, ముగిసిన తరువాత వాల్వు విప్పుట మరువరాదు.

ఇంతవరకు చెప్పినవి సొమ్మును, సమయమును పోగొట్టునవి. ఇక చెప్పబోవునవి ప్రాణముతో ముడిపడినవి.

నీరు కాగునపుడు గీజరు క్రింది సేఫ్టీ వాల్వునుండి బొట్లు రాలుచున్నవని పలువురు ఫిర్యాదు చేయుదురు. అది లోపము కాదు. 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వచ్చునప్పటికి నీరు నూటికి ఒకటిన్నర పాలు వ్యాకోచించును. 15 లీటర్లలో నది సుమారు ఒక గ్లాసెడు. వచ్చిన దారిని వెనుకకు పోనీయని వాల్వు ఉన్నచోట ఆ గ్లాసెడు నీరును ఎక్కడికి పోవలయును? దానికి విడిచిన దారియే ఆ రంధ్రము. నేల తడియగుచున్నదని దానిలో పుల్లయో, మేకో బిగించువారు కలరు. నీరు ఆవిరి యయినపుడు 1,600 రెట్లకు పైగా స్థలమాక్రమించును. థర్మోస్టాటును కటౌటును రెండును చెడిన దినమున ఆ రంధ్రము మూసియున్నచో, తొట్టి బాంబువలె పగులును. బొట్లను బకెట్టులోనికో, మోరీలోనికో చిన్న గొట్టముతో మళ్ళించుకొనుడు, మూయకుడు. స్విచ్చి వేయకున్నను రాత్రింబవళ్ళు కారుచున్నచో అది వేరు సంగతి; వాల్వులో ఇసుక చేరియుండవచ్చును, లేదా ప్రెషరు పంపు త్రోపిడి మితిమీరియుండవచ్చును.

ప్లగ్గు వేడెక్కుట, నల్లబడుట రెండవ ప్రమాదము. 2,000ను 230తో భాగింపగా 8.7 ఆంపియర్లు. దీపములకు, ఫ్యానులకు పెట్టు 6 ఆంపియర్ల సాకెట్టు దీనిని మోయలేదు. గీజరునకు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన లావు తీగ యుండవలయును. చిన్న సాకెట్టునకు మార్పిడి ముక్క తగిలించి పని గడుపుకొనుట మన యిండ్లలో సామాన్యమైపోయినది.

అన్నిటికంటె భయంకరమైనది ఏ గుర్తును చూపని లోపము. ప్లగ్గునకు గల మూడు కాళ్ళలో లావైనది, పొడవైనది ఎర్తుది. మిగిలిన రెండింటికంటె ముందుగా తగులవలయుననియే దానిని పొడవుగా చేసిరి. అయితే సాకెట్టులో మూడవ రంధ్రముండి, దాని వెనుక తీగయే లేని యిండ్లు ఎన్నో కలవు. అట్టి యింట గీజరు చక్కగా పనిచేయును, నీరు చక్కగా కాగును. కడ్డీ పైతొడుగు చిట్లి విద్యుత్తు నీటిలోనికి ప్రవేశించిన నాడు మాత్రమే, తడికాళ్ళతో కుళాయి ముట్టుకొనినవానికి ఆ లోపము తెలియును. గీజరు బిగించునాడే ఎర్తును పరీక్షింపించి, 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పినను కనుఱెప్పపాటులో తెంచివేయు ఆర్.సి.సి.బి. అను స్విచ్చిని పెట్టించుకొనుట అవసరము. కుళాయి ముట్టినపుడు కొంచెము జిల్లుమన్నను గీజరు వాడుట ఆనాడే మానవలయును. ఎర్తున్నను, లేకున్నను, నీరు కాగిన పిమ్మట స్విచ్చి ఆపివేసియే పిల్లలను స్నానమునకు పంపుట మంచిది. వేడిని సరిచూచుటయు అవసరమే. 60 డిగ్రీల నీరు కొలది సెకన్లలోనే చర్మమును కాల్చును.

గ్యాసు గీజరు మంట అంటుకొననిచో రెండు కారణములు మొదట చూడవలయును: నిప్పురవ్వనిచ్చు బ్యాటరీలు అయిపోవుట, మిద్దెమీది తొట్టి తగినంత ఎత్తున లేక నీటి త్రోపిడి చాలకుండుట. కాని స్నానపు గది లోపల దానిని బిగించినవారికి అది అంటుకొనకుండుటయే మేలనవలసి యున్నది. తలుపులు మూసిన చిన్న గదిలో మంటకు గాలి చాలక కార్బను మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును పట్టుకొని ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. తల తిరుగుచున్నదని తెలియులోపలనే కాళ్ళు పట్టు తప్పును. యంత్రమును గది వెలుపల, గాలి యాడుచోట బిగించి గొట్టము మాత్రము లోనికి తెచ్చుకొనవలయును.

బోరునీరు వాడువారికి ఒక మాట. ఆ నీటిలో కరిగియున్న కాల్షియము లవణములు కాగినపుడు సున్నపు పొరయై కడ్డీకి పట్టును. ఆరు నెలలకో, ఏడాదికో గీజరు చిటపటలాడుచు నెమ్మదిగా కాగుట మొదలుపెట్టినచో ఆ పొరను గీకింపవలయును. అప్పుడే లోపలి మెగ్నీషియము కడ్డీని కూడ చూపింపుడు. తొట్టి ఉక్కు తుప్పుపట్టకుండ తానే కరిగిపోవుటకు పెట్టినది అది. సగమునకు పైగా తరిగియున్నచో క్రొత్తది వేయించవలయును.