కుడి బూటు ముందు, ఎడమ ముడి ముందు!

పొద్దున్నే హడావిడిగా బూట్లు తొడుక్కుంటాం కదా, ఏ కాలు ముందని ఎప్పుడైనా చూసుకున్నారా? నిష్ఠగా ఉండే యూదులకు అందులోనూ ఓ వరస ఉందని మీకు తెలుసా? ముందు కుడి బూటు తొడగాలి, ముడి వేయకూడదు. తర్వాత ఎడమది తొడగాలి. ముడి మాత్రం మొదట ఎడమదానికే! ఏ కాలూ అలగకుండా ఎంత చక్కటి రాజీ!

మరుగుదొడ్డిలోంచి వచ్చాక చెప్పే ప్రార్థన ఒకటుందని మీకు తెలుసా? ఒంట్లో తెరుచుకోవాల్సినవి తెరుచుకుని, మూసుకోవాల్సినవి మూసుకుని ఉన్నందుకు దేవుడికి దండం. నవ్వకండి! మూడు రోజులుగా మలబద్ధకంతో బాధపడుతున్నవారిని అడగండి, ఆ ప్రార్థన విలువ చెబుతారు.

యూదుల ఆజ్ఞలు ఎన్నో మీకు తెలుసా? పది అనుకున్నారా? 613! 'చెయ్యి' అనేవి 248, 'చెయ్యొద్దు' అనేవి 365. అంటే రోజుకొక 'వద్దు'. మన ఇళ్లలో అమ్మలు ఈ కోటా పొద్దున టిఫిన్ వేళకే పూర్తి చేసేస్తారు.

ఇక వంటింట్లోకి రండి. మాంసం, పాలు కలవకూడదు. గిన్నెలు వేరు, చెంచాలు వేరు, వీలైతే సింకులు కూడా రెండు. ఈ లెక్కన పెరుగులో నానబెట్టి వండే మన హైదరాబాదీ మటన్ బిర్యానీ గడప దగ్గరే ఆగిపోతుందని మీకు తెలుసా? అయ్యయ్యో!

మటన్ తిన్నాక పాలు తాగాలంటే ఎంతసేపు ఆగాలి? చాలామందికి ఆరు గంటలు. జర్మనీ యూదుల ఆచారం మూడు. హాలండ్ వాళ్లకు ఒక్క గంట చాలు. ఐస్‌క్రీమ్ పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడ పుట్టాలో తేల్చుకోండి!

తినే చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. గోదావరి పులస పాస్. రొయ్య ఫెయిల్, పీత ఫెయిల్. మరి జిరాఫీ? డెక్క చీలి ఉంటుంది, నెమరు వేస్తుంది కాబట్టి అదీ పాసే! అంత పొడుగు మెడతో పులుసుకు ఎంత గిన్నె కావాలో మరి.

కోకాకోలా రహస్య ఫార్ములాలోని సరుకుల జాబితా ఒక రబ్బీ చేతికి వచ్చిందని మీకు తెలుసా? 1935లో అట్లాంటాలో టోబియాస్ గెఫెన్ అనే మతగురువు, యూదులు అది తాగొచ్చో లేదో తేల్చడానికి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి జాబితా తీసుకున్నారు. చూస్తే అందులో గొడ్డు కొవ్వు నుంచి తీసిన గ్లిజరిన్! కంపెనీ దాన్ని మార్చేసింది. రబ్బీ గారు మాట నిలబెట్టుకున్నారు. రహస్యం మన దాకా రాలేదు, గ్యాస్ మాత్రమే వచ్చింది.

పస్కా పండుగ రొట్టెకు గడువు ఎంతో మీకు తెలుసా? పిండిలో నీళ్లు పడ్డప్పటి నుంచి 18 నిమిషాల్లో కాల్చడం అయిపోవాలి. దాటిందా, పులిసినట్టే లెక్క. రాత్రంతా పిండి పులియబెట్టి దోసెలు పోసుకునే మనకు గుండె ఆగినంత పని!

పైగా పండుగ రోజుల్లో పులిసిన సరుకు ఇంట్లోనే కాదు, సర్కారు దగ్గర కూడా ఉండకూడదు. అందుకే ఇజ్రాయెల్ ప్రభుత్వం తన నిల్వలన్నీ యూదుడు కాని ఒకరికి కాగితాల మీద అమ్మేసి, పండుగయ్యాక తిరిగి తీసుకుంటుంది. వారం రోజుల జమీందారు!

శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు, అంటే శనివారం చీకటిపడేదాకా విశ్రాంతి దినం. ఆ రోజు 39 రకాల పనులు నిషేధం. అందులో చింపడం ఒకటి. దాంతో టాయిలెట్ కాగితం కూడా ముందే చింపి పెట్టుకుంటారని మీకు తెలుసా? చెంబు పట్టుకునే మనకు ఈ బాధే లేదు.

లిఫ్టులో మీట నొక్కడమూ కుదరదు. అందుకని ఆ రోజు లిఫ్టు తనంతట తానే ప్రతి అంతస్తులోనూ ఆగుతూ పోతుంది. ఇరవయ్యో అంతస్తువారికి ఇది లిఫ్టు కాదు, పాసింజరు రైలు!

సబ్బాతు నాడు వీధిలోకి ఏదీ మోసుకెళ్లకూడదు, చంటిబిడ్డను కూడా. దారి? పేట చుట్టూ స్తంభాల మీద తీగ కడితే శాస్త్రం ప్రకారం లోపలిదంతా ఒకే ఇంటి ఆవరణ. న్యూయార్క్‌లో మన్‌హట్టన్‌ను చాలా మటుకు ఇలాగే చుట్టేశారని మీకు తెలుసా? తీగ తెగిందేమోనని ప్రతి వారం చూస్తారు. మన కేబుల్ వైర్ల లెక్కన చూస్తే అమీర్‌పేట ఎప్పుడో ఒకే ఇల్లు అయిపోయి ఉండాలి.

అంతరిక్షంలో సబ్బాతు ఎప్పుడు? 2003లో కల్పనా చావ్లాతో కలిసి కొలంబియా నౌకలో వెళ్లిన ఇజ్రాయెలీ ఇలాన్ రామోన్‌కు వచ్చిన సందేహమిది. అక్కడ 90 నిమిషాలకో సూర్యోదయం. అలా లెక్కేస్తే పదిన్నర గంటలకో సబ్బాతు! బయల్దేరిన కేప్ కెనావెరల్ గడియారమే చూసుకోమన్నారు రబ్బీలు. ఆ నౌక తిరిగి రాలేదు. సందేహం మాత్రం వాళ్ల చర్చల్లో నిలిచిపోయింది.

సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలి, కానీ మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదు! అందుకే పది పదాలున్న వాక్యాన్ని తలకో పదం చొప్పున చదువుతారు. వింతా? ధాన్యం కొలుస్తూ ఒకటి అనకుండా 'లాభం' అనే మనమా ఆశ్చర్యపోయేది!

అధిక మాసం మన సొత్తే అనుకుంటున్నారా? వాళ్లకూ ఉంది, 19 ఏళ్లలో ఏడుసార్లు. మనకు ఏ నెల రెండవుతుందో పంచాంగం చూడాలి. వాళ్లకు ఎప్పుడూ అదారు నెలే. పాపం, ఒక్క నెల మీదే అంత భారం!

కొంకణ తీరంలో గానుగలాడించే బెనే ఇజ్రాయెల్ యూదుల్ని చుట్టుపక్కలవాళ్లు ఏమని పిలిచేవారో మీకు తెలుసా? 'శనివార్ తేలీ'. శనివారం గానుగ ఆపేసే నూనెవాళ్లని!

ఆఖరి ప్రశ్న. తెలుగు మాట్లాడే యూదు సమాజం ఎక్కడుంది? హైఫా అనకండి, టెల్ అవీవ్ అనకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన, కొత్తరెడ్డిపాలెంలో! తాము ప్రాచీన ఇజ్రాయెలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిము కుటుంబాలు అక్కడ 1991లో సమాజ మందిరం కట్టుకున్నాయి. ప్రార్థనలో హీబ్రూ ముక్కలు వినిపిస్తాయి. బయటికొచ్చాక కబుర్లు మాత్రం అచ్చంగా గుంటూరు తెలుగులోనే!